పరుల బిడ్డలకు తల్లియైన భండారు అచ్చమాంబ

రాజులు కట్టించిన కోటలు రాతితో నిలుచును. వారి పేర్లు శాసనములలో నిలుచును. ఇండ్లను నిలిపిన తల్లుల పేర్లు మాత్రము రెండు తరములు గడచునప్పటికి ఎవరికిని జ్ఞప్తియందుండవు. మన గండికోటను చూచినవారికి ఈ మాట తేటగా బోధపడగలదు. పెన్నానది కొండలను చీల్చుకొని పారు లోయపైగట్టున కోటగోడలు నేటికిని నిలిచియున్నవి. మాధవరాయస్వామి గుడియు, రంగనాథస్వామి గుడియు, జుమ్మా మసీదును, ధాన్యాగారమును చూపరులను ఆకర్షించుచునే యున్నవి. కోటను ఏలిన పెమ్మసాని నాయకుల పేర్లును, పదునేడవ శతాబ్దమున గోలకొండ సేనలతో దండెత్తివచ్చి దానిని పట్టుకొనిన మీర్ జుమ్లా పేరును జనుల నోళ్ళయందున్నవి. కాని ఆ ధాన్యాగారములోని గింజలను దంచి వండిపెట్టిన స్త్రీలెవరు? ముట్టడి దినములలో పసిబిడ్డలను కాపాడుకొనిన తల్లులెవరు? ఒక్కరి పేరైనను మనకు దక్కలేదు.

ఈ లోపమును నూరేండ్లకు పూర్వమే గుర్తించి, మరుగుపడిన స్త్రీల జీవితములను వెదకి గ్రంథస్థము చేయుటకు పూనుకొనిన తెలుగు ఇల్లాలు భండారు అచ్చమాంబ. ఆమె రాయలసీమ ఆడపడుచు కాదు, కృష్ణాజిల్లాయందు పుట్టినది. ఆమె జీవించినది ముప్పది సంవత్సరములు మాత్రమే. ఆ కొలది కాలములోనే అక్షరములు నేర్చెను, గ్రంథములు రచించెను, కన్నబిడ్డలను పోగొట్టుకొనెను, పరుల బిడ్డలను పెంచెను, స్త్రీలకొరకు సమాజములను నెలకొల్పెను. తుదకు రోగులకు సేవచేయుచునే కన్నుమూసెను. తల్లులును, ఆడపడుచులును, మఠములందు సేవచేయు సోదరీమణులును తప్పక తెలిసికొనదగిన చరిత్ర ఆమెది.

అచ్చమాంబ 1874వ సంవత్సరమున నందిగామ సమీపముననున్న పెనుగంచిప్రోలు గ్రామములో జన్మించెను. ఆ ప్రాంతము నాడు కృష్ణాజిల్లాలోనిది. 2022వ సంవత్సరమునుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్నది. ఆమె తల్లి గంగమ్మ. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య. అచ్చమాంబకు ఆరేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. ఆమెకంటె మూడేండ్లు చిన్నవాడైన తమ్ముడు లక్ష్మణరావు. అనంతరకాలమున ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు శ్రీకారము చుట్టి తెలుగుజాతికి చిరస్మరణీయుడైన కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు ఈయనయే.

పదియేండ్ల వయస్సున అచ్చమాంబకు భండారు మాధవరావుగారితో వివాహమయ్యెను. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగము చేయుచుండిరి. ఆ కాలపు ఆచారము ప్రకారము ఆమె బడికి పోలేదు. కాని అత్తవారింటికి వచ్చిన పిమ్మట ఆమె జీవితము క్రొత్త దారి పట్టెను. తండ్రిలేని తమ్ముడు అక్కయింటనే ఉండి విద్యాభ్యాసము చేసెను. తమ్ముడు చదువుకొనుచుండగా ఆయనతోపాటు అక్కయు తెలుగు, హిందీ చదువుట, వ్రాయుట నేర్చెను. అటుపిమ్మట మరాఠీ నేర్చెను. సంస్కృతము, వంగము, గుజరాతీ భాషలయందును కొంత ప్రవేశము సంపాదించెను.

ఇది ఎంతటి విశేషమో నేటి బాలికలకు ఊహకందదు. 1901వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున చదువను వ్రాయను తెలిసిన స్త్రీలు వేయిమందిలో ఏడుగురు మాత్రమే. ఆడుదానికి అక్షరము వచ్చినచో వైధవ్యము ప్రాప్తించునని భయపెట్టు పెద్దలు ఆ కాలమున తక్కువవారు కారు. అట్టి దినములలో వంటయింటి పనులు ముగించుకొని, తమ్ముని ప్రక్కన కూర్చుండి పలుభాషల విద్యను సాధించినది అచ్చమాంబ. అక్క నీడయందు తమ్ముడు పెరిగెను. తమ్ముని చదువు వెలుగున అక్క ఎదిగెను. ఒక ఇంటిలో మగబిడ్డకు పెట్టిన దీపపు వెలుగు ఆడబిడ్డకును చాలునని ఆ అక్కాతమ్ముల చరిత్ర చాటుచున్నది.

ఇట్లు సాగుచుండిన ఆమె సంసారముపై పిడుగు పడెను. ఆమెకు కలిగిన కుమారుడును కుమార్తెయును చిన్నతనముననే మరణించిరి. పుట్టిన వేయిమంది శిశువులలో రెండు వందలకు పైబడి సంవత్సరమైనను నిండకమునుపే గతించుచుండిన కాలమది. బిడ్డ పోయిన ఇల్లు ప్రతి వీధియందును ఉండెడిది. తోడివారికిని అట్టి దుఃఖమే కలిగినదన్న మాట ఏ తల్లికిని ఓదార్పు కాజాలదు. పైగా బిడ్డలను పోగొట్టుకొనిన స్త్రీనే లోకము దోషిగా చూచును. శుభకార్యములందు ఆమెను వెనుకకు నెట్టును. ఏ పాపఫలమోయని చెవులు కొరుక్కొనును. అట్టి స్త్రీలలో పెక్కుమంది ఇంటి తలుపులు మూసికొని, ఉపవాసములతోను కన్నీళ్ళతోను శేషజీవితమును గడపిరి.

అచ్చమాంబ తలుపులు మూసికొనలేదు. తల్లిదండ్రులు లేని బిడ్డలను అయిదుగురిని తన ఇంటికి తెచ్చుకొని పోషించెను. అన్నవస్త్రములతో సరిపెట్టక వారికి విద్యయు చెప్పించెను. తన ఒడి ఖాళీయైనప్పుడు, తల్లి ఒడి కరవైన బిడ్డలు లోకమున ఎందరో కలరని ఆమె తెలిసికొనెను. దుఃఖము మనుష్యులను రెండు విధముల మార్చును. కొందరి హృదయమును అది రాయి చేయును. కొందరి హృదయమును దున్నిన నేలవలె మెత్తన చేసి విత్తునకు సిద్ధపరచును. అచ్చమాంబ హృదయము రెండవ తెగకు చెందినది. కన్నతనము ఒకరిద్దరికి పరిమితము కావచ్చును. పెంచుతనమునకు అట్టి హద్దులేదని ఆమె ఆచరణమున చూపెను.

ఆ కాలముననే ఆమె కలము పట్టెను. స్త్రీలు బుద్ధిహీనులనియు, చదువుకొన్నచో చెడిపోవుదురనియు నాటి పెద్దలు కొందరు వాదించుచుండిరి. ఆ వాదమునకు కోపముతో కాక సాక్ష్యములతో జవాబు చెప్పవలెనని ఆమె నిశ్చయించుకొనెను. పూర్వము ఈ దేశమున జీవించిన స్త్రీల నిజచరిత్రలను సేకరించి లోకము ముందుంచినచో ఆ వాదము తనంతట తానే కూలునని ఆమె నమ్మకము. ఆ నమ్మకమునుండి పుట్టినదే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. అబలలని పేరు పెట్టి, వారి బలమును నిరూపించిన గ్రంథమది.

ఈ గ్రంథమును మూడు భాగములుగా వెలువరింపవలెనని ఆమె సంకల్పము. సుమారు వేయి సంవత్సరముల భారతదేశ చరిత్రయందు ప్రసిద్ధికెక్కిన స్త్రీల జీవితములు మొదటి భాగము. వేదకాలము, పురాణకాలము, బౌద్ధయుగములకు చెందిన స్త్రీల కథలు రెండవ భాగము. ఇంగ్లండు, అమెరికా మొదలగు పరదేశముల స్త్రీల చరిత్రలు మూడవ భాగము. మొదటి భాగము 1901వ సంవత్సరమున వెలువడెను. అప్పటికి ఆమె వయస్సు ఇరువదియేడేండ్లు. ఒక తెలుగు స్త్రీ స్త్రీల చరిత్రను వ్రాయుట అదియే మొదలని విమర్శకులు చెప్పుదురు. గ్రంథాలయములు అరుదైన కాలమున, స్వగ్రామమునకు ఎంతో దూరమున కాపురముండి, అంతమంది జీవితవృత్తాంతములను సేకరించుట సామాన్యమైన పని కాదు. ఆమె నేర్చిన అన్యభాషలు ఈ పనియందు ఆమెకు తోడైయుండునని వేరుగ చెప్పనక్కరలేదు.

కథారచనయందును ఆమెది ముందడుగే. తెలుగు జనానా, హిందూసుందరి అను స్త్రీల పత్రికలందు ఆమె కథలు 1901, 1902 సంవత్సరములలో వెలువడినవి. పండుగనాటి ఖర్చులకై పరధనమునకు ఆశపడిన భర్తను, పేదరికమందైనను నిజాయితీ వదలరాదని సరిదిద్దిన ఇల్లాలి కథ ‘ధనత్రయోదశి’. చదువు నేర్చుకొనుటను గూర్చి భార్యాభర్తలు ముచ్చటించుకొను కథ ‘స్త్రీవిద్య’. గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ వెలువడినది 1910వ సంవత్సరమున. అంతకు ఎనిమిదేండ్లు ముందే అచ్చమాంబ కథలు అచ్చయినవని పరిశోధకులు ఇటీవలి దశాబ్దములలో వెలికితీసిరి. తొలి తెలుగు కథ ఏదియను చర్చయందు ఆమె పేరు ఇప్పుడు తప్పక వినవచ్చుచున్నది. స్త్రీల పేర్లు మరుగుపడరాదని శ్రమించిన ఆమె పేరే పెక్కేండ్లు మరుగునపడియుండుట విచారకరము.

గ్రంథమును వ్రాసినంతమాత్రమున స్త్రీలు చదువలేరు. చదువగల స్త్రీలే అరుదైనప్పుడు ఎవరికొరకు వ్రాయుట? ఈ చిక్కు అచ్చమాంబకు తెలియనిది కాదు. అందుచే ఆమె గ్రంథరచనతో ఆగక స్త్రీలను ఒకచోట చేర్చుటకు పూనుకొనెను. 1902వ సంవత్సరమున ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీల సమాజమును స్థాపించెను. తెలుగునాట స్త్రీలే ఏర్పరచుకొనిన తొలి సమాజముగా దీనిని చరిత్రకారులు పేర్కొందురు. మరుసటి సంవత్సరమున ఆమె ఆంధ్రదేశమున పర్యటించి, పలుచోట్ల స్త్రీ సమాజముల స్థాపనకు తోడ్పడెను.

పేరంటమునకు తప్ప గడప దాటరాని స్త్రీలు ఒకచోట కూర్చుండి, గ్రంథము చదువుకొని, తమ కష్టసుఖములను తామే చర్చించుకొనుట నాటికి సాహసమే. పన్నెండవ శతాబ్దమున కల్యాణమందు శరణులతో సమానముగా శరణీమణులు కూర్చుండి అనుభవమంటపమున మాటలాడిరని నిత్యము స్మరించు మనకు, ఆ సాహసము విలువ సులభముగనే తెలియును. స్త్రీకి నోరిచ్చిన సమాజము బలపడును. నోరు నొక్కిన సమాజము క్షీణించును.

ఆ సంవత్సరములలోనే దేశమును ఒక మహామారి పీడించుచుండెను. 1896వ సంవత్సరమున బొంబాయి నగరమున ప్లేగు పొడచూపెను. అక్కడినుండి రైలుమార్గముల వెంబడి, వర్తకపు సరకుల వెంబడి పరగణానుండి పరగణాకు ప్రాకెను. మన పొరుగునున్న బళ్ళారి ప్రాంతమును సైతము అది వదలలేదు. ఎలుకలు రాలిపడిన ఇల్లు విడిచి, ఊరు విడిచి, జనులు పొలములలో గుడిసెలు వేసికొని కాలము గడపిరి. 1904వ సంవత్సరమొక్కదానిలోనే ఈ దేశమున పదిలక్షలకు మించిన ప్రాణములను ప్లేగు బలిగొనెను.

రోగకారణమైన సూక్ష్మజీవిని యెర్సిన్ అను శాస్త్రజ్ఞుడు 1894లోనే హాంకాంగునందు కనుగొనియుండెను. ఎలుకలపై నుండు గోమారులే ఆ రోగమును మనుష్యులకు చేర్చుచున్నవని 1898లో కరాచీయందు సైమండ్ అను వైద్యుడు తెలిపెను. హాఫ్కిన్ 1897లో బొంబాయియందు టీకామందును సిద్ధపరచెను. కాని విజ్ఞానము ప్రయోగశాలలనుండి పేదల ఇండ్లకు చేరుటకు చాలకాలము పట్టును. పైగా ప్రభుత్వపు నివారణచర్యలే జనులను భయపెట్టినవి. పుణ్యనగరమున సైనికులు ఇండ్లలో జొరబడి సోదాలు చేయుటచే ప్రజాగ్రహము పెచ్చుపెరిగి, 1897 జూన్ నెలలో ప్లేగు అధికారి ర్యాండుపై చాపేకర్ సోదరులు కాల్పులు జరుపువరకు పోయెను. రోగమున్నదని తెలిసినచో ఎక్కడికో తీసికొనిపోవుదురను భయముచే జనులు రోగులను దాచుచుండిరి. ఇట్టి తరుణమున అధికారముతో కాక ఆప్యాయతతో గడపలోనికి అడుగిడు స్త్రీ దొరకుట రోగికి దేవుడు దొరకినట్లే.

మహారాష్ట్రమున బాలికలకు పాఠశాలలు నడపి ప్రసిద్ధికెక్కిన సావిత్రీబాయి ఫూలే అట్టి స్త్రీయే. ఆమెకు కన్నబిడ్డలు లేరు. పెంచుకొనిన కుమారుడు యశ్వంతుడు వైద్యుడు. పుణ్యనగరమున ప్లేగురోగులకు సేవచేయుచు తానును ఆ రోగము సోకి 1897 మార్చి 10వ తేదీన ఆమె మరణించెను. ఎనిమిదేండ్లలోపల అచ్చమాంబయు అదే దారిన నడచెను. భర్త ఉద్యోగరీత్యా ఆమె నివసించినది బిలాసపురమున. అది నేటి ఛత్తీసగఢ్ రాష్ట్రములోనిది. అచట ప్లేగు వ్యాపించినపుడు ఆమె రోగులకు పరిచర్య చేయ పూనుకొనెను. ఆ సేవయందే 1905 జనవరి 18వ తేదీన ఆమె అకాలమృత్యువు వాతబడెను. అప్పటికి ఆమెకు ముప్పదియేండ్లు.

ఆమె మరణమును త్యాగమని కొనియాడి చేతులు జోడించుట సులభము. కొనియాడవలసినదే. అయితే అంతటితో ఊరకుండరాదు. అది త్యాగము మాత్రమే కాదు, తీరని నష్టము కూడ. ఆమె తలపెట్టిన రత్నమాల అసంపూర్ణముగ నిలిచిపోయెను. పరదేశ స్త్రీల చరిత్రలు సంకల్పమాత్రముగనే మిగిలెను. అన్నిటికంటె మించి, ఒకసారి తల్లిని పోగొట్టుకొనిన అయిదుగురు బిడ్డలు రెండవసారి తల్లిలేనివారైరి. సేవచేయువారిని మనము పొగడుదుము. వారి ప్రాణమును కాపాడుకొనుటకు ఏమిచేసితిమని ప్రశ్నించుకొనము. ఊరికి ఉపకారము చేయు తల్లి అలసినప్పుడు ఆమెకు విశ్రాంతి నిచ్చువారెవరు? ఆమె జబ్బుపడినప్పుడు ప్రక్కన కూర్చుండువారెవరు? పెట్టు చేతిని ఎవరైనను పట్టుకొనవలెను గదా. మఠములలో పండుగదినములందు తెల్లవారుజాముననే పొయ్యి వెలిగించు తల్లులను గూర్చియు మనము ఈ ప్రశ్న వేసికొనవలసియున్నది.

అచ్చమాంబ చేసిన పని ఆమెతో ముగియలేదు. అక్క మరణించిన మరుసటి సంవత్సరమే, అనగా 1906లో, లక్ష్మణరావుగారు హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. చరిత్ర, శాస్త్రగ్రంథములను సులభమైన తెలుగున సామాన్యులకు అందించుట ఆ మండలి ఆశయము. మహారాణులనుగూర్చి, విదుషీమణులనుగూర్చి తెలుగు స్త్రీలకు తెలియజెప్పవలెనని అక్క పడిన తపనకును, సకలవిజ్ఞానమును తెలుగువారికి తెలియజెప్పవలెనని తమ్ముడు పడిన తపనకును మూలమొక్కటియే. ఒకే ఇంటియందు, ఒకే దీపము క్రింద నేర్చిన అక్షరములే ఆ ఇరువురిని నడిపించినవి. లక్ష్మణరావుగారు 1923 జూలైలో దివంగతులైరి.

1906వ సంవత్సరముననే లక్ష్మణరావుగారికి కుమార్తె కలిగెను. ఆ బిడ్డ పేరును అచ్చమాంబయే. ఆమె పెరిగి వైద్యవిద్య నభ్యసించి డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగా ప్రఖ్యాతి చెందెను. గర్భిణీస్త్రీలకును పసిబిడ్డల తల్లులకును ఉపకరించునట్లు ప్రసూతి, శిశుపోషణలను గూర్చి తెలుగున గ్రంథము రచించెను. 1957లో విజయవాడ నియోజకవర్గమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. 1964లో కాలధర్మము చెందెను. మేనత్త తన ఇద్దరు బిడ్డలను దక్కించుకొనలేకపోయెను. అదే పేరు గల మేనకోడలు ఇతర తల్లుల బిడ్డలు దక్కుటకు వైద్యమును, గ్రంథమును సమకూర్చెను. ఒక ఇంటిలో కార్చిన కన్నీరు వృథాగా పోలేదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

అచ్చమాంబ లింగధారిణి కాదు. శరణధర్మమును ఉపదేశము పొందినదియు కాదు. అయినను తనకున్నదానిని తనదనక, ఆకలిగొన్న బిడ్డకు అన్నము, అక్షరము ఎరుగని స్త్రీకి అక్షరము, దిక్కులేని రోగికి పరిచర్య సమర్పించిన ఆమె జీవితమును దాసోహమనుటకు సంకోచింపనక్కరలేదు. ఆమె చేతులతో చేసిన పనియే ఆమె పూజ.

ఈ చరిత్రను చదివిన పాఠకమహాశయులకు ఒక విన్నపము. ప్రతి కుటుంబమందును అకాలమున లింగైక్యమైన తల్లి యొకతె ఉండియే యుండును. సంవత్సరమున కొకసారి ఆమె పేరిట పూజ జరిపి, జంగమారాధన చేసి, విభూతి ధరించి లేచిపోవుదుము. మనుమల తరము వచ్చునప్పటికి ఆమె పేరు సైతము మరచిపోవుదురు. ఈ సంవత్సరమున ఆ దినమునాడు ఒక చిన్న పని చేయుడు. ఒక పుస్తకము తెచ్చి, ఆమె పేరు, పుట్టినిల్లు, ఆమెకు వచ్చిన పనులు, ఆమె పెంచిన బిడ్డలు, పోగొట్టుకొనిన బిడ్డలు, ఎవరి ఆపదలో ఆమె ఆదుకొనెనో ఆ వివరములు వ్రాసియుంచుడు. ఇంటిలోని ఆడబిడ్డచేత వ్రాయించినచో మరియు మంచిది. మఠములవారు దాసోహమునకు ధాన్యమిచ్చినవారి పేర్లు వ్రాసియుంచుట కలదు. ఆ ధాన్యమును చెరిగి, వండి, వడ్డించిన తల్లుల పేర్లును వాటి ప్రక్కనే వ్రాయించుట ధర్మము. అచ్చమాంబ ప్రారంభించిన రత్నమాల ఇంకను పూర్తికాలేదు. అందు ఒక్కొక్క పూసను చేర్చుట మన చేతిలోని పని.